చెవిలో కాఫీ పువ్వు

1714లో ఆమ్‌స్టర్‌డామ్ నగర పెద్దలు ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి ఓ కాఫీ మొక్కను కానుకగా పంపారు. పారిస్ చలికి అది బతికి బట్టకట్టదు కనుక రాజోద్యానంలో గాజు గదిలో పెట్టి సాకారు. తోటమాలికి గత్యంతరం లేదు. బయట మంచు.

కౌలాలంపూర్ కండోమినియంలో పదిహేనో అంతస్తు ఏలుతున్న రాజుగారికి మాత్రం ఏమొచ్చిందో అర్థం కాదు. భూమధ్యరేఖ మూడు డిగ్రీల దూరంలోనే ఉంది. బాల్కనీ తలుపు తీస్తే కాఫీ చెట్టు కోరుకునే వెలుతురూ తేమా కట్టకట్టుకుని లోపలికొస్తాయి. అందుకే కాబోలు ఆ తలుపు మూసి, ఏసీ వేసి, సోఫా పక్కన పింగాణీ కుండీలో మొక్కను నిలబెట్టారు. ఆనాటి ఫ్రెంచివాళ్ళు అద్దాల గది కట్టి మలయా ఎండను పారిస్‌కు తెచ్చుకున్నారు. వీళ్ళు ఏసీ బిగించి పారిస్ చలిని మలేసియాకు తెచ్చుకుని, అందులో కాఫీ మొక్కను పెట్టి, "పాపం, ఎంత చేసినా పూయడం లేదండీ" అంటున్నారు.

ఎంత చేసినా అన్నమాట నిజమే. చేయించేవాళ్ళకు కొదవ లేదు. తాగేసిన కాఫీ పిప్పిని మొక్క మొదట్లో వెయ్యమని ఒక గురువు. తన పిప్పి తనకే బలమని ఆయన సిద్ధాంతం. కుండీ తడిలో ఆ పిప్పి కొద్ది రోజుల్లో బూజు పట్టి, పైన పెచ్చు కట్టి, నీళ్ళను లోపలికి దిగనివ్వదు. చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు మాత్రం హాయిగా కాపురం పెడతాయి. ఇంకో గురువు సీసా అమ్ముతాడు, మీద పువ్వు బొమ్మ ఉంటుంది. మూడో ఆయన ఊదారంగు దీపం కొనిపించి అర్ధరాత్రి దాకా వెలిగించమంటాడు. కాఫీ పగళ్ళు మరీ పొడవైతే మొగ్గ తొడగడానికి మొరాయించే జాతి అని 1940ల నాటికే ప్రయోగాలు చెప్పాయి. మలేసియాలో ఏడాది పొడవునా పగలు దాదాపు 12 గంటలే, ఉచితంగా. దాన్ని పద్దెనిమిది గంటలకు సాగదీయడానికి కరెంటు బిల్లు కట్టడం ఈ పూజలో నైవేద్యం.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం ఈ సలహా: "చలికాలంలో నీళ్ళు తగ్గించండి, వసంతం రాగానే పెంచండి." ఇది ఏ హాలండ్‌లోనో, ఏ ఇంగ్లండ్‌లోనో కిటికీ పక్కన మొక్క పెంచుకునేవాడికి ఎవరో చెప్పిన మాట. దాన్ని యథాతథంగా ఇక్కడ పాటిస్తున్నారు. సుబాంగ్ జయాలో డిసెంబరు రాగానే కాఫీ మొక్కకు నీళ్ళు బంద్! బయట ఈశాన్య రుతుపవనాల వాన కుండపోతగా కురుస్తుంటే, లోపల మొక్క చలికాలం అనుభవిస్తూ ఉంటుంది. ఈ దేశంలో చలికాలం ఏసీ రిమోట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

అలాగని ఆ సలహాలో పస లేదని కాదు. కాఫీ మొగ్గ వింతైన సరుకు. ఆకు మొదట్లో పుట్టి, కొన్ని మిల్లీమీటర్లు పెరిగి, ఆగిపోతుంది. నిద్రపోతుంది. దాన్ని లేపాలంటే ముందు చెట్టుకు దాహం వెయ్యాలి, ఆపైన ఒక మంచి వాన పడాలి. అది పడ్డ వారం పదిరోజులకు కొమ్మ కొమ్మంతా తెల్లబారుతుంది, మల్లెలాంటి వాసన, రెండు మూడు రోజుల వైభవం. కూర్గ్‌లో మార్చి, ఏప్రిల్ జల్లులకు తోటల వాళ్ళు బ్లాసమ్ షవర్స్ అని పేరు పెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటారు. మన అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీకీ ఆ ఎండాకాలపు జల్లే ముహూర్తం. కావలసింది కేలండర్‌లో చలికాలం కాదు, వేళ్ళకు దప్పిక. నీళ్ళు బంద్ చేయని ఇళ్ళలో, హాలులో మొక్కకు ఆ దప్పిక ఎలా వేస్తుంది? పొద్దున ఇంటావిడ పోస్తుంది, మధ్యాహ్నం పనమ్మాయి పోస్తుంది, రాత్రి అయ్యగారు ప్రేమగా ఆకుల మీద చల్లుతారు.

నిజానికి బయటి తోటల్లో కూడా ఇక్కడ కూర్గ్ వైభవం కనిపించదు. స్పష్టమైన ఎండాకాలం లేని నేలలో చెట్టు విడతలు విడతలుగా పూస్తుంది. ఒకే చెట్టు మీద మొగ్గా, పచ్చికాయా, పండూ కలిసి ఉంటాయి, కోసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ తిరగాలి. జొహోర్, సెలంగోర్ రైతులకు దీని మీద ఫిర్యాదు ఉండొచ్చు గానీ, పువ్వు ఫోటో రాలేదన్న దిగులు మాత్రం లేదు. క్లువాంగ్ రైల్వే స్టేషన్లో 1938 నుంచి కాఫీ పోస్తున్న అంగడిలో ఎవరూ "మీ చెట్టు పూసిందా" అని అడగరు.

ఈ దేశంలో కాఫీ చెట్టును గారం చేసిన చరిత్ర లేదు. సిలోన్‌లో 1869 నుంచి ఆకుతుప్పు తెగులు తోటల్ని తినేస్తుంటే, అక్కడి దొరలు కొందరు మలయాకు దిగారు. పల్లపు నేలలకు పనికొస్తుందని లైబీరికా రకం నాటించారు. శతాబ్దం చివర్లో బ్రెజిల్ కాఫీ వెల్లువెత్తి ధర కూలింది. సరిగ్గా అప్పుడే, 1896లో, మలక్కాలో టాన్ చే యాన్ రబ్బరు తోట వేశాడు. దొరలు ఆ దారి పట్టారు, కాఫీ చెట్లను పీకి పారేశారు. ఓడెక్కి కంగాణీ మేస్త్రీ వెంట వచ్చిన మన తెలుగువాళ్ళు చాలామంది రబ్బరు పాలు తీశారు, బగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో చెమటోడ్చారు. చెట్టు సంతోషంగా ఉందా అని అడిగే ఉద్యోగం ఆ ఎస్టేట్లలో లేదు. మనిషిని అడిగేదీ లేదు. ఆ కూలీల మునిమనవలు కొందరు ఇవాళ కాఫీ మొక్కకు వీణ కచేరీ వినిపిస్తున్నారంటే అభివృద్ధే అనుకోవాలి.

సరే, పూసిందనుకుందాం. తర్వాత మన ఇంటి కాఫీ అని కల. మీ కుండీలోది ఈ నేలకు అలవాటు పడ్డ లైబీరికా అయితే దానికి సగోత్రం పనికిరాదు. తన పుప్పొడి తనకు పట్టదు, వేరే చెట్టు నుంచి రావాలి. చిత్రకారుడి కుంచె పట్టుకుని ఒకే చెట్టు పూల మధ్య పెళ్ళిళ్ళ పేరయ్య పని చేసే ఆసామికి చేతినొప్పి తప్ప ఏమీ కాయదు. పైగా అది ఎదిగితే పది మీటర్లు దాటే చెట్టు, మీ సీలింగు మూడు మీటర్లు. అరబికాకు ఆ గోత్రం పట్టింపు లేదు, కానీ దానికి పద్దెనిమిది నుంచి ఇరవై రెండు డిగ్రీల కొండ చల్లదనం ఇష్టం. కామెరాన్ హైలాండ్స్‌లో ఫ్లాట్ ఉంటే ప్రయత్నించండి. అరబికాకైనా కిలో గింజలకు అయిదారు కిలోల పండ్లు కావాలి.

ఇంతా విని "అయితే ఏం చేయమంటారు?" అంటారు. మూడు నాలుగేళ్ళు నిండని మొక్కను పూయమని వేధించకండి. నిండినదాన్ని బాల్కనీలో నీడపట్టున పెట్టండి. మీ హాల్లో అయిదువందల లక్స్ వెలుతురుంటే గొప్ప, అక్కడ నీడలోనే పదివేలు. ఆకులు కాస్త వాలేదాకా నీళ్ళు మానేసి, తర్వాత వేళ్ళు తడిసేలా పోయండి. సీసా అక్కర్లేదు, దీపం అక్కర్లేదు. ఇందులో ఎవరికీ అమ్మకం లేదు కాబట్టే ఈ సలహా మీకెవరూ ఇవ్వలేదు.

అయినా అమ్మేవాళ్ళు నష్టపోరు. తర్వాతి వంతు కోకోది కావచ్చు: "మీ హాల్లోనే చాక్లెట్!" ఆ చెట్టుకు పువ్వు కాండం మీదే పూస్తుంది. దానికి ఏ సీసా కనిపెడతారో.