అయిదు కేజీల లోపు

ఆపరేషన్లలోనూ అంతస్తులున్నాయి. గుండెకి స్టెంటు వేయించుకొచ్చినాయన చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుని, ఎన్ని బ్లాకులో, ఒక్కోటి ఎంత శాతమో పలకరించినవాళ్ళందరికీ అప్పజెబుతాడు. మోకాలి చిప్పలు మార్పించుకున్నావిడ ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగులో పట్టుకుని చూపిస్తుంది. శుక్లం తీయించుకున్నవాళ్ళకి కనీసం నల్లద్దాల దర్జా అయినా దక్కుతుంది. నాకు జరిగినదానికి మాత్రం పేరే లేకుండా పోయింది. మా ఆయన చుట్టాలకి ఫోన్లో "పొట్టలో చిన్న గడ్డ" అన్నారు. మా మరిది "గ్యాసు" అన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి అడిగితే "ఆడోళ్ళదిలే" అన్నారట. ఆయన "ఓహో" అని టిక్కీల లెక్కలోకి దిగిపోయాడట.

గర్భసంచి జారింది. ఈ రెండు మాటలు అనడానికి మా ఇంటి మగవాళ్ళెవరికీ నోరు తిరగలేదు. జారడంలో అంత సిగ్గేముందో నాకు తెలీదు. మా పర్చూరు వైపు ఊళ్ళు 1970లో గుంటూరు జిల్లాలోంచి ప్రకాశంలోకి జారాయి. 2022లో ప్రకాశంలోంచి బాపట్లలోకి జారాయి. ఆఫీసులు బోర్డులు మార్చుకున్నాయే గానీ ఒక్కరూ తలొంచుకోలేదు.

పొత్తికడుపు అడుగున ఉండే కండరాలూ కట్లూ గర్భసంచినీ మూత్రసంచినీ పట్టి ఉంచుతాయి. కాన్పుల్లో అవి సాగుతాయి, ముట్లుడిగాక ఇంకా వదులవుతాయి. దానికి తోడు బరువులు, మలబద్ధకం, తెగని దగ్గు. మా రేగడి నేలల్లో ఈ కారణాలన్నీ ఆడమనిషికి వరసప్రకారం అందుతాయి. పెళ్ళయిన ఏడాదికి కాన్పు. పసివాడికి మెడ నిలవకముందే పత్తి తీత, నెత్తిన పత్తి మూట. మాఘం వస్తే మిరప కోత. ఏడాది పొడుగునా కారం ఘాటుకి దగ్గు. డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తిన ఏడు "పత్తి తీతలు కానీ" అన్నారు. పత్తయ్యాక మిరప, మిరపయ్యాక శనగ, శనగయ్యాక పిల్ల పెళ్ళి. పంటల వరస గర్భసంచికి ఎవరూ చెప్పలేదు కాబట్టి దాని దారిన అది దిగుతూనే ఉంది.

మన దగ్గర ఇంకో విడ్డూరం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది. మిర్చిలోనే కాదు, ఇందులోనూ మనమే ముందు. నడుం నొప్పికీ తెల్లబట్టకీ ముప్పై అయిదేళ్ళకే తీయించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కదలకుండా కూర్చున్నదాన్ని తీసేశారు. జారినదాన్నేమో గుట్టుగా దాచుకుని తిరిగాం.

దీనికి వైద్యం మాత్రం కొత్తది కాదు. హిప్పోక్రటీస్ కాలపు గ్రీకులు ఆడమనిషిని నిచ్చెనకి తలకిందులుగా కట్టి ఊపేవాళ్ళట. లోపల సగం దానిమ్మకాయ పెట్టేవాళ్ళట. మా ఊళ్ళో అయితే నిచ్చెన ఎవరు పట్టుకోవాలన్న దగ్గరే రెండు పార్టీలకీ తగాదా వచ్చి, నన్ను అట్లాగే వేలాడేసి పంచాయితీకి వెళ్ళేవాళ్ళు. గుంటూరు కొత్తపేట ఆస్పత్రిలో నాకు అంత రభస కాలేదు. నడుముకి మత్తిచ్చి, కింద నుంచే గర్భసంచి తీసి, వదులైన గోడలు బిగించి కుట్టారు. ఆ కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. పొట్ట మీద గాటు కూడా లేదు. అంటే, చూసిపోవడానికి వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ ఆరు వారాల నియమాలు చెప్పింది. గొంతుక్కూర్చోకూడదు. ముక్కకూడదు. దగ్గు తెచ్చుకోకూడదు. అయిదు కేజీలు దాటిన బరువు ఎత్తకూడదు.

మా ఆయన క్వింటాళ్ళలో ఆలోచించే మనిషి. "అయిదు కేజీలంటే ఎంత?" అన్నారు అయోమయంగా. ఇంటికొచ్చాక మా అత్తయ్య లెక్క కట్టింది: "మూడున్నర వీసెలు. అంతకంటే తక్కువ బరువు ఈ కొంపలో ఏముందే?"

ఆ మాటకి నాకూ అనుమానమొచ్చింది. వరండాలో మిరపకాయలు తూచే కాటా ఉంది. కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక్కో వస్తువే దానిమీద పెట్టమన్నాను. నిండు బిందె పద్నాలుగు. ఉతికి పిండిన బట్టల బకెట్ తొమ్మిది. గోంగూర పచ్చడి జాడీ ఏడు. మనవడు పదకొండు, అదీ ఒక కాలు కింద ఆనించి. గ్యాస్ బండని పెట్టబోతే మా ఆయన నడుం పట్టుకుని "దీన్ని రోజూ ఎవరు జరుపుతున్నారు?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. కాటా మీద ఎర్రంకెలు ముప్పైకి దగ్గరగా వచ్చి ఆగాయి. తూచిన వాటిల్లో నేను ఎత్తదగ్గవి ఖాళీ బిందె, చీపురు, టీవీ రిమోటు. చీపురికి వంగాలి గనక అదీ కొట్టేశాం.

బరువుల సంగతి అట్లా తేలింది గానీ తుమ్ముల సంగతి తేలలేదు. ఇంటి వెనకే కల్లం. అక్కడ కాయలు ఎండుతున్నాయి. ఏ రకం వేశారని డాక్టరమ్మ ముందే అడిగి ఉంటే నన్ను డిశ్చార్జి చేసేది కాదు. మాది తేజ. కూలీలు కాయ తిరగేసినప్పుడల్లా వీధి వీధంతా తుమ్ముతుంది. తుమ్మొచ్చేటప్పుడు కింద కండరాలు బిగించి, పొట్టకి దిండు అదుముకోవాలని నర్సమ్మ నేర్పింది. దిండెప్పుడూ పక్క గదిలోనే ఉండేది. నేను "హా" అనగానే మనవడు "తాతా, దిండు" అని కేక, తాత పరుగు. బయటికెళ్ళబోతూ తుమ్ము వినబడితే వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగే మనిషి, ఆ సీజనంతా గడప దాటింది తక్కువ.

తిండి దగ్గర రెండు ప్రభుత్వాలు నడిచాయి. ముక్కకుండా విరేచనం కావాలంటే ఆకుకూరలు, పండ్లు, నీళ్ళు దండిగా తీసుకోమని డాక్టరమ్మ. పప్పు చీము, వంకాయ దురద, ఆకుకూర వాతం కాబట్టి వెల్లుల్లి కారం, నెయ్యి, పాతబియ్యపు అన్నం తినమని మా అత్తయ్య. పగలు అత్తయ్య ప్రభుత్వం. రాత్రి మా ఆయన గ్లాసులో ఇసబ్గోల్ కలిపి, సారా కాస్తున్నవాడి జాగ్రత్తతో పెరటి గుమ్మంలోంచి తెచ్చి ఇచ్చేవారు.

పలకరింపుల్లో మాత్రం చిత్రం జరిగింది. బత్తాయిలతో వచ్చిన ఆడవాళ్ళు మగవాళ్ళు అవతలికి పోయేదాకా ఆగి, మంచం దగ్గరికి జరిగి, "నాక్కూడా..." అనేవాళ్ళు. ఒకావిడ పదేళ్ళుగా గోచీ బిగించుకుని మిరప కోతకి పోతోంది. మా చిన్నాడపడుచుకి ఇంకా పిల్లలు కావాలి. గర్భసంచి తీయకుండానే పైకి కట్టే పద్ధతుంది, మన దేశపు డాక్టరు శిరోద్కర్ పేరు మీదే ఒకటుందని డాక్టరమ్మ చెప్పిన మాట దానికి చెప్పాను. చివరికి ఒక రాత్రి మా అత్తయ్య లైటార్పి, "నువ్వేదో పెద్ద గొప్ప. నాకు నువ్వు కాపరానికి రాకముందు నుంచీ ఉంది" అంది. ఆవిడ ఆపరేషన్‌కి ఆగే మనిషి కాదు. రింగు పెడతారని చెప్పాను.

"బంగారమంతా కోడళ్ళకి పంచేశా. ఈ వయసులో నాకు రింగేందే?"

"బంగారంది కాదత్తయ్యా, సిలికాన్‌ది."

"అయితే నువ్వు అడగవులే" అంది నిశ్చింతగా. మరుసటి వారమే వెళ్ళి పెట్టించుకుంది.

కాస్త తిరగనిచ్చాక డాక్టరమ్మ కండరాల వ్యాయామం మొదలుపెట్టించింది. ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికా డాక్టరు 1948లో దీని గురించి రాశాడట. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలే బిగించి, అయిదు లెక్కపెట్టి వదలడం. దుస్తులక్కర్లేదు, చాప అక్కర్లేదు, చేస్తున్నట్టు ఎదుటివాళ్ళకి తెలియదు. కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకి నేర్పాను. అంతదాకా గోలగోలగా ఉన్న కల్లం ఒక్కసారి సద్దుమణిగింది. ఇరవైమంది ఆడవాళ్ళు నోరు మూసుకుని, చూపు నిలబెట్టి కూర్చున్నారు. మేస్త్రి గబగబా మా ఆయన దగ్గరికొచ్చి, "అయ్యా, కూలి పెంచమంటారేమో, ఓ మాట అనుకుని ఉండండి" అన్నాడు. మా ఆయన భయపడి ఆ పూట అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించారు. ఆరోగ్యానికి ఆరోగ్యం, మర్యాదకి మర్యాద.

ఆరు వారాలయ్యాక డాక్టరమ్మ చూసి, "చక్కగా మానింది. పెద్ద బరువులు మాత్రం ఇక జన్మలో ఎత్తొద్దమ్మా" అంది. బయట బెంచీ మీద మా ఆయన ఆశగా లేచి నిలబడ్డారు.

"ఇంక ఎత్తొచ్చంటనా?"

"జన్మలో వద్దంది" అన్నాను. 'పెద్ద' అన్న మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కాయంతా యార్డుకి వెళ్ళిపోయింది. వరండాలో అడ్డంగా ఉన్న కాటాని లోపల పెట్టమని అత్తయ్య రోజూ పోరుతోంది. దానిమీద దాన్నే తూయలేం గానీ, చూస్తుంటే అయిదు కేజీలు దాటేటట్టే ఉంది.