చెరువు కింద ప్లాటు: అమ్మేవారికి, కొనేవారికి అచ్చమైన సలహాలు

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల గజం ధర తెలియని మనిషి లేడు. బండ్లగూడ, బార్కస్, బాలాపూర్ రోడ్డు వైపు ఇంకా నాలుగు గుంటలు ఖాళీగా కనిపిస్తే ఏం చేయాలో తోచక బెంగపడేవారి కోసం ఈ చిట్కాలు. శ్రద్ధగా పాటిస్తే ఒక్క తరంలోనే ఫలితం కనిపిస్తుంది. ఇక్కడ ఇప్పటికే కనిపించింది.

1. ముందు లెక్క నేర్చుకోండి
ఎకరమంటే 40 గుంటలు. గుంటకు 121 గజాలు, వెరసి 4,840. రైతు భరోసా కింద 2025లో ప్రకటించింది ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. గజాలకు పంచి చూడండి, రెండున్నర రూపాయలు కూడా పడదు. ఆ మాత్రం డబ్బుకే మడి వాన నీళ్ళు పట్టి, కొంత భూమిలోకి ఇంకించి, పైగా తిండి పండిస్తుంది. ఇంత చవకగా చాకిరీ చేసేదాన్ని నమ్మకూడదు. అమ్మేయండి.

2. తోటతో బోణీ చేయండి
బార్కస్ అంటే నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బస్తీ. అక్కడి జామతోటలకు నగరమంతా పేరు. చెట్లు కొట్టేయండి, పేరు మాత్రం ఉంచుకోండి. బండి మీద కాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూకారం అద్ది ‘బార్కస్ జామ’ అంటే ఇప్పటికీ చెల్లుతుంది. కాయ ఏ ఊరిదో చెప్పమని ఎవరూ పహాణీ అడగరు. జామచెట్టు కాపుకొచ్చేదాకా ఆగాలి, చిలకల్ని తోలాలి. అద్దెగదికి ఏడాదికి పన్నెండు కాపులు, చిలకల బెడద లేదు.

3. శిఖం భూమిని ఎండాకాలంలోనే చూపించండి
చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు దున్నుకోవడానికి ఇచ్చింది శిఖం పట్టా. ఇల్లు కట్టడానికి అది చెల్లదు. అందుకని మే నెలలో బేరం పెట్టండి. మేలో ఏ చెరువైనా క్రికెట్ మైదానమే. రాళ్ళు పాతి, సున్నంతో గీతలు గీయండి. వచ్చేవాడు ఆటో నడిపేవాడో, గల్ఫ్‌లోని తమ్ముడు పంపిన డబ్బు పట్టుకొచ్చినవాడో అయి ఉంటాడు. ఇంత తక్కువలో అతనికి ఇంకెక్కడా దొరకదు కనుక ఎక్కువ ప్రశ్నలు వేయడు. రిజిస్ట్రేషన్ అని అడిగితే నోటరీ కాగితం చేతిలో పెట్టండి.

2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు చాలు. మట్టి పోసి చెరువునే చిన్నది చేస్తే 21 మీటర్లు కలిసొస్తాయి కదా!

4. చెరువును ముట్టుకోకండి, ఆయకట్టును మాయం చేయండి
మట్టి లారీలు వస్తే పదిమంది చూస్తారు. పొలం ప్లాటైతే ఎవరూ చూడరు. కట్టకు బొరియ పడితే పూడ్చేది, తూముకు అడ్డుపడ్డ చెత్త తీసేది, మత్తడి మీద ఎవరైనా రాయి పెడితే కొట్లాటకు దిగేది కింద మడి ఉన్నవాడే. తూము తీసి నీళ్ళు పంచే నీరటికి పంటలో వాటా కొలిచి ఇచ్చిందీ అతనే. చెరువుకు జీతం లేని కాపలా అంటే ఆ పంటే. మడి పోయాక నీరటికి పని లేదు, తూము ఎక్కడుందో చెప్పే నోరు లేదు. పంటకాలువ గల్లీ అవుతుంది, డ్రైనేజీ చెరువులో కలుస్తుంది. అప్పుడు దర్జాగా అర్జీ పెట్టండి: “ఇది చెరువు కాదండీ, మురుగుగుంట.”

5. వానను లెక్కలోకి తీసుకోకండి
2020 అక్టోబరులో పల్లెచెరువు నీళ్ళు అల్ జుబైల్ కాలనీ మీద పడ్డాయి. కొద్దిరోజులకే గుర్రం చెరువు కట్టకు గండి పడి హఫీజ్ బాబానగర్ మునిగింది. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. అదే నెల 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. ఏ భూమి ఎవరిదో ఇక కంప్యూటరే చెబుతుందన్నారు. నీళ్ళకు పట్టాదారు పాసుపుస్తకం లేదు కనుక తమ హద్దులేవో అవే చూపించి పోయాయి. ఇలాంటివి పట్టించుకుంటే బేరాలు సాగవు.

6. చట్టమొస్తే ఓపిక పట్టండి
నగరానికి నీళ్ళిచ్చే జంట జలాశయాలను కాపాడాలని 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్ళెం పడింది. నగరానికి నీళ్ళు దక్కాయి, ధర పెరగని భూమి రైతుకు దక్కింది. ‘మీ భూమి మాకోసం ఆగింది, ఏటా ఇంత తీసుకోండి’ అని నగరం ఆ రైతుతో అని ఉంటే అతను జీవో ఎత్తేయమని అడిగేవాడు కాదేమో. అలాంటి మాటలు పైకి రానివ్వకండి. పర్యావరణం మీద ఉపన్యాసం ఇవ్వండి, ఫామ్‌హౌస్ లాన్‌లో అయితే మరీ మంచిది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఇరవయ్యారేళ్ళ ఓపిక వృథా పోలేదు.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చిందని కూడా కంగారు వద్దు. బుల్డోజర్ ముందు నిలబడేది కొన్నవాడు. మీరు అమ్మినవాళ్ళ జాబితాలోనే ఉండండి.

7. రైతును దూరం చేసుకోకండి
పొలం అమ్మిన డబ్బు అతని చేతిలో ఎన్నాళ్ళో ఉండదు. కూతురి పెళ్ళి, పాత అప్పు, కొడుకు కారుతో సరి. తర్వాత తన మడిలోనే లేచిన అపార్ట్‌మెంటుకు వాచ్‌మెన్‌గా వస్తాడు. పెట్టుకోండి. మబ్బు ఏ దిక్కున పట్టింది, ఏ వానకు మత్తడి దూకుతుంది, సెల్లార్‌లోంచి కార్లు ఎప్పుడు తీయాలి, ఇవన్నీ అతనికే తెలుసు. జీతం మాత్రం పెంచకండి. ఆ భూమికి చవకగా చాకిరీ చేయడం అతనికి మొదటినుంచీ అలవాటే.