అన్నిటికీ ఒకటే మాటా?

మా రోజుల్లో ఏలూరు చుట్టుపక్కల ఏ కష్టానికి ఆ మాట ఉండేది. ఎవరైనా నోరు జారితే "మనసులో పెట్టుకోకండి" అనేవారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ధర పడిపోతే "పోన్లే, వచ్చే వారం చూద్దాం" అనేవారు. పెద్ద దెబ్బ తగిలితే "అధైర్యపడకు, మేమున్నాం" అనేవారు. ఇప్పుడు వీటన్నిటికీ కలిపి ఒకటే: "లైట్ తీస్కో!"

ఇంగ్లీషు లైట్‌ని మన తీసుకోవడానికి తగిలించి కుర్రకారు చేసుకున్న మాట ఇది. ఎదుటివాడితో అంటే పట్టించుకోకు అని. "నేను లైట్ తీసుకున్నా" అంటే వదిలేశానని. "నన్ను లైట్ తీసుకోకు" అంటే తక్కువ అంచనా వెయ్యకు అని. ఓదార్పూ, నిర్లక్ష్యమూ, బెదిరింపూ అన్నీ అదే మాటలో ఇరికించేశారు.

మొన్న కైకలూరు వైపు వరసగా మబ్బు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో పాచి ఆక్సిజన్ ఇవ్వదు, రాత్రి ఉన్నది కాస్తా పీల్చేస్తుంది. తెల్లవారుజామున శీలావతి, బొచ్చె చేపలు నోళ్ళు పైకెత్తి నీటిమీదకి వచ్చేశాయి. ఏరియేటర్లు తిప్పేలోపే చాలా చేప చచ్చిపోయింది. గట్టుమీద తల పట్టుకుని కూర్చున్న రైతుతో ఓ కుర్రాడు "లైట్ తీస్కో బాబాయ్" అన్నాడు. వాడి మనసు మంచిదే, చచ్చిన చేపని ఏరడానికి ముందు నీళ్ళలోకి దిగిందీ వాడే. కానీ వాడి నోటికి మరో మాట రాలేదు. లీజూ, మేత బాకీ నెత్తిన ఉన్న మనిషి దాన్ని తేలిగ్గా ఎలా తీసుకుంటాడు?

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం కొల్లేటి సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చేసినప్పుడు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించే ఓపిక కూడా లేకపోయింది. చుట్టాలు క్యారేజీలు పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నారు. "బతికుంటే బలుసాకు తినొచ్చు, ముందు రెండు ముద్దలు తిను" అని బతిమాలారు. పోయింది చిన్నదని ఎవరూ అనలేదు. పోయింది పెద్దదేనని ఒప్పుకుని, ఆ తర్వాతే ధైర్యం చెప్పారు.

బస్సు తప్పిపోతే, మ్యాచ్ ఓడిపోతే లైట్ తీసుకోమనండి, తప్పు లేదు. బతుకు దెబ్బతిన్నవాడికి మాత్రం ఆ మాట అనకండి. "ఎంత పోయింది బాబాయ్?" అని అడగండి. అడిగినందుకు కాసేపు నిలబడి వినాల్సొస్తుంది. కష్టంలో ఉన్నవాడికి కావలసింది ఆ కాసేపే.