ఆపి, మళ్లీ వేయు శాస్త్రం

ఇంటి ఇంటర్నెట్ పరికరాలతో పాటు తయారీదారులు ఇచ్చే చిన్న పుస్తకాలను ఎవరూ తెరవకపోయినా, ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆ పరికరాలకు సంబంధించిన శాస్త్రమొకటి స్వతంత్రంగా పుట్టి పెరిగింది. దాని మూలసూత్రం ఒక్కటే: ఆపి, మళ్లీ వేయాలి. అస్కాలోనైనా బరంపురంలోనైనా, తెలుగువారి ఇంటనైనా ఒడియావారి ఇంటనైనా ఈ సూత్రంలో మార్పు లేదు. ఎంతసేపు ఆపాలన్న విషయంలో మాత్రం సంప్రదాయభేదాలు ఉన్నాయి. పది లెక్కపెట్టి వేయాలన్నది ఒక పక్షం. అడాప్టరు చల్లబడేదాకా ఆగాలన్నది రెండో పక్షం. వైర్లన్నీ పీకి, చివరలు ఊది, మళ్లీ పెట్టాలన్నది అతివాద పక్షం.

శాస్త్రమన్న తరువాత పరిభాష తప్పదు. వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నని నల్ల వైరులో ఉండేది రాగి కాదు, గాజుపోగు. దానినే ఆప్టికల్ ఫైబర్ అంటారు. పైతొడుగులు తీసివేస్తే ఆ పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాని గుండా కాంతిరూపంలో వచ్చే సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం ఓఎన్‌టీ. ఆ కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లకు, టీవీకి పంచిపెట్టే పరికరం రూటర్. ఈ రెండింటినీ నేడు చాలా ఇళ్లలో ఒకే డబ్బాలో అమర్చుతున్నందువల్ల, ఏది చెడినా తిట్లు ఆ డబ్బాకే దక్కుతాయి. రూటర్ వెదజల్లే వైఫై తరంగాలలో రెండు రకాలు ప్రధానమైనవి. 2.4 గిగాహెర్ట్జ్ రకం నిదానంగా నడిచినా గోడలు దాటగలదు; 5 గిగాహెర్ట్జ్ రకం వేగం గలదైనా గోడ ఎదురైతే డీలాపడుతుంది. ఈ రెండో రకం పేరు చివర '5జీ' అని కనిపించగానే ఐదో తరం మొబైల్ సేవ ఉచితంగా ఇంటికి వచ్చిందని ఆనందించేవారు ఉన్నారు. ఆ రెండింటికీ చుట్టరికమేమీ లేదు గాని, ఇంటర్నెట్ విషయంలో ఉచితంగా దొరికే ఆనందం అదొక్కటే కనుక దానిని చెడగొట్టడం భావ్యం కాదు.

ఈ ప్రాంతపు పాత వీధి ఇళ్లు రైలుపెట్టెల్లా పొడుగ్గా సాగుతాయి: అరుగు, ముందుగది, నడిమిగది, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకే వరుసలో. వైరు వీధి నుంచి వస్తుంది కనుక రూటర్ ముందుగదిలో, అందులోనూ ఇనుప బీరువా మీద, దుమ్ము పడకుండా అల్లిక గుడ్డ కప్పుకొని కొలువుదీరుతుంది. ఇనుము రేడియో తరంగాలను తిప్పికొడుతుంది. గుడ్డ వేడిని బయటికి పోనివ్వదు. పరికరం లోపలి కెపాసిటర్లనే భాగాల ఆయుష్షు, వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. ఇన్ని మర్యాదల నడుమ బయలుదేరిన సంకేతం వరుసగా గోడలు దాటి వంటింటికి చేరేసరికి, అక్కడి ఫోనులో వంటల వీడియోకు బదులు గుండ్రంగా తిరిగే చక్రం మాత్రమే కనిపిస్తుంది. ఇంట్లో అత్యధిక వేగం అరుగు మీద కూర్చున్న తాతగారికి దక్కుతుంది. ఆయన చేతిలో ఉండేది బటన్ల ఫోను.

లోపం ఎక్కడ ఉందో తేల్చడానికి నైయాయికులు, అంటే తర్కశాస్త్ర పండితులు, ఏనాడో నాలుగు ప్రమాణాలను, అనగా జ్ఞానసాధనాలను చెప్పి ఉంచారు. మొదటిది ప్రత్యక్షం, అంటే కంటితో చూసి తెలుసుకోవడం. డబ్బా మీద ఎల్‌ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబరులో కాంతి అందడం లేదని, పీఓఎన్ అన్న దీపం పచ్చగా నిలిస్తే అవతలి కేంద్రంతో సంబంధం కుదిరిందని అర్థం. అయితే దీపాలన్నీ పచ్చగా వెలుగుతుండగా ఇంటర్నెట్ ఒక్కటే లేని స్థితి తరచుగా సంభవిస్తుంది కనుక, ప్రత్యక్షం ఇక్కడ పూర్తి ప్రమాణం కాజాలదు. రెండోది అనుమానం, అంటే ఒక గుర్తును బట్టి కంటికి కనబడని దానిని ఊహించడం. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించినట్లే, చక్కెర ఫ్యాక్టరీ వైపు ఎత్తుగా కట్టిన చెరకు లోడు వెళ్లిన వెంటనే వీధిలోని పిల్లలందరూ ఫోన్లు వదిలి బయటికి వస్తే, వేలాడే వైరు తెగిందని ఊహించవచ్చు. మూడోది ఉపమానం, అంటే పోలికతో తెలుసుకోవడం. పక్కింటి కంపెనీ మేలని ఈ ఇంటివారు, ఈ ఇంటి కంపెనీ మేలని పక్కింటివారు నిర్ధారించుకొని, ఇద్దరూ ఒకే వారంలో కంపెనీలు మార్చుకోవడం ఈ ప్రమాణపు ఫలమే.

నాలుగోది, అన్నిటికన్నా బలమైనది, శబ్దం. ఆప్తుని మాట, అంటే ఉన్నది ఉన్నట్లు చెప్పేవాని మాట ప్రమాణమని దీని భావం. ప్రస్తుత విషయంలో ఆప్తస్థానాన్ని కస్టమర్ కేర్ ఆక్రమించింది. సంగీతం వినిపించి, వరుసగా అంకెలు నొక్కించి, వినియోగదారుని సమయం తమకెంతో విలువైనదని ఆ సమయాన్నంతా తీసుకొని చెప్పిన తరువాత, ఆ కంఠం వెలువరించే తీర్పు ఒక్కటే: రూటర్‌ను ఆపి, మళ్లీ వేయండి. నాలుగు ప్రమాణాలు నాలుగు దారుల్లో బయలుదేరి ఒకే సిద్ధాంతానికి చేరడం భారతీయ తర్కచరిత్రలో అరుదైన ఘట్టం.

ఈ చికిత్స కొన్నిసార్లు నిజంగానే ఫలించడానికి కారణం లేకపోలేదు. ఇంట్లోని ఫోన్లన్నిటికీ బయటి ప్రపంచంలో సాధారణంగా ఒకే చిరునామా ఉంటుంది. ఏ జవాబును ఏ ఫోనుకు చేర్చాలో రూటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఈ ఏర్పాటును నాట్ అంటారు. చౌక పరికరాలలో జ్ఞాపకశక్తి కొద్దిపాటిది కనుక ఆ పట్టిక నిండినా, లోపలి సాఫ్ట్‌వేర్ ఎక్కడో చిక్కుకున్నా డబ్బా మొద్దుబారుతుంది. ఆపి వేస్తే పాత రాతలన్నీ చెరిగి పని మళ్లీ మొదలవుతుంది. అంటే రోగం పోదు, రోగికి గతం గుర్తుండదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డబ్బా వెనుక సూది దూరేంత రంధ్రంలో దాగిన రీసెట్ మీట దీనికి పూర్తిగా భిన్నమైనది. దానిని కొంతసేపు నొక్కి పట్టుకుంటే కనెక్షన్ వివరాలు, పాస్‌వర్డ్‌తో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. సెలవులకు వచ్చిన బంధువులలో కాస్త చదువుకున్నవాడు మొదట నొక్కేది దానినే.

గంజాం వాసులకు అంతరాయాలు కొత్తవి కావు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది; 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. అటువంటి వేళ స్తంభం పడిపోతుంది, వైరు తెగుతుంది, కారణం అందరికీ కనిపిస్తుంది. ఎవరూ ఎవరినీ నిందించరు. చిక్కంతా ఎండకాసే మామూలు మధ్యాహ్నాలతోనే. సూరత్ మరమగ్గాలలో పనిచేసే కొడుకు వీడియో కాల్‌లో నోరు తెరిచి అలాగే నిలిచిపోయినప్పుడు, తప్పు లోకల్ ఆపరేటర్‌దని కంపెనీ, కరెంటుదని ఆపరేటర్, అడాప్టరుదని కరెంటు మనిషి చెబుతారు. అడాప్టరుకు నోరు లేదు కనుక విచారణ అక్కడితో ముగుస్తుంది. 1936 ఏప్రిల్ 1న అస్కాతో సహా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీని విడిచి కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరింది. అంత పెద్ద బదిలీకి ఒక తేదీ సరిపోయింది. ఇల్లు మారిన వినియోగదారుని కనెక్షన్ పక్క వీధికి చేరడానికి మాత్రం తేదీ చెప్పగల అధికారి నేటికీ దొరకడు.

నిబంధనలు లేవని అనడానికి వీలు లేదు. 2004 నాటి విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వేగం ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్. 2013లో ఆ కొలత 512కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. అందువల్ల 100 ఎంబీపీఎస్‌కు డబ్బు కట్టి మూడు పొందుతున్న గృహస్థుడు మోసపోయానని భావించినా, నిర్వచనం ప్రకారం విశాల మార్గంలోనే విహరిస్తున్నాడు. బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో చేసిన నిబంధనలలో, మరమ్మతు మూడు పనిదినాలు దాటితే నెలవారీ చార్జీలో ఏడు రోజుల మేరకు రిబేటు ఇవ్వాలని ఉండేది. 2024లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఏ నిబంధనలోనైనా గడియారం నడిచేది ఫిర్యాదు నమోదైన క్షణం నుంచే. పది నిమిషాలకోసారి స్విచ్చి దగ్గరకు వెళ్లే గృహస్థుడు ఫిర్యాదు చేయడు, కనుక కంపెనీ లెక్కలలో ఆ ఇంటి ఇంటర్నెట్ ఎన్నడూ ఆగదు.

మొర వినడంలో ఈ ప్రాంతానికి పాత ఆదర్శమొకటి ఉంది. అస్కాను ఒరుసుకొని పారే ఋషికుల్య నదికే దిగువన, పురుషోత్తంపూర్ సమీపంలోని జౌగడ వద్ద, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. భోజనవేళ గాని, అంతఃపురంలో ఉన్న వేళ గాని, తోటలో ఉన్న వేళ గాని ప్రజల పనిని తనకు నివేదించవచ్చని ఒక శాసనం తెలుపుతుంది. సమాప అనే నగరంలోని మహామాత్రులను, అంటే ఉన్నతాధికారులను, ఉద్దేశించిన మరొకటి అసూయను, కోపాన్ని, క్రౌర్యాన్ని, తొందరపాటును, సోమరితనాన్ని, అలసటను విడిచి పని చేయాలని ఆదేశిస్తుంది. అయిదేళ్లకోసారి పర్యవేక్షకుడిని పంపుతామని కూడా చెబుతుంది. అయిదేళ్లకోసారి మనిషి రావడమన్నది లైన్‌మన్ కోసం ఎదురుచూసేవారికి పెద్ద ఆలస్యంగా తోచదు. అయితే ప్రజలు మొర పెట్టుకునే ముందు తమ ఇంటి దీపాన్ని ఆర్పి మళ్లీ వెలిగించి చూడాలన్న షరతు ఆ రాతి మీద ఎక్కడా లేదు.

తేడా అంతా అక్కడే ఉంది. ఆ రాయి పనిని అధికారికి అప్పగించింది. ఆపి మళ్లీ వేయు శాస్త్రం దానిని వినియోగదారునికి అప్పగించింది. కనుక దీపం రంగును, సమయాన్ని రాసిపెట్టుకొని, ఫిర్యాదు చేసి నంబరు తీసుకొని, 'పరిష్కరించబడింది' అన్న సందేశం పనికన్నా ముందే వస్తే ఆ ఫిర్యాదును మళ్లీ తెరిపించడం గృహస్థుని ధర్మం. అది చేయనంతకాలం ఇంటింటా కంపెనీకి ఒక టెక్నీషియన్ ఉన్నట్టే లెక్క. అతనికి సెలవు లేదు, జీతం లేదు, పైగా ఆ కొలువులో ఉన్నందుకు నెలనెలా కంపెనీకి కట్టేది కూడా అతడే.