వేసవి విదేశీ చదువు, వయా కాగజ్‌నగర్

ఎండలు ముదిరితే మామిడికాయలకు, పెండ్లిళ్లకు, విదేశీ చదువులకు ఒక్కసారే గిరాకీ మొదలవుతుంది. టెక్సాస్‌లో 1845లో పుట్టిన బేలర్ లాంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాలు బిజినెస్ విద్యార్థులను వేసవిలో దేశాలు దాటించి పాఠాలు చెప్పిస్తాయి. దైవభక్తీ వ్యాపారజ్ఞానమూ ఒకే సూట్‌కేసులో పట్టే ఏర్పాటన్నమాట. ఆ గాలి ఇప్పుడు ఆసిఫాబాద్ దాకా వచ్చింది. మన సర్కారుకే ఇంకా తగల్లేదు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తుంది గానీ, పీజీ చదవాలని పాతకాలపు షరతు పెట్టింది. రెండు వారాల్లో అయిపోయే చదువుకు ఏండ్లు ఎందుకని సర్కారుకు ఎవరు చెప్పాలి?

అందుకే లోకహితం కోరి ఒక ప్రతిపాదన. మన పిల్లలను అటు పంపేకంటే ఆ దేశాల పిల్లలనే ఇటు రప్పిద్దాం. సిలబస్ సిద్ధంగా ఉంది.

మొదటి పాఠం తిర్యాణి అడవిలో. తెల్లారకముందే తునికాకుకు పోవాలి. 50 ఆకులు పేర్చితే ఒక కట్ట, వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నీడపట్టున కూర్చుని కట్టలు కట్టాలి. సాయంత్రం కల్లం దగ్గర ఆకు లెక్కచూసే కల్లేదారు ముందు పెట్టాలి. ఆకు చిల్లుపడిందనో చిన్నగుందనో కట్ట పక్కన పెట్టేస్తే ఆ కష్టం మట్టిపాలే. దీన్నే పుస్తకాల్లో క్వాలిటీ కంట్రోల్ అంటారు. ఏసీ గదిలో ఏడాదికి గానీ ఎక్కని చాప్టరు, 45 డిగ్రీల ఎండలో ఒక్క పూటకే మాడుకెక్కుతుంది.

రెండోది పత్తి. వేసవిలో పంట ఉండదు కనుక థియరీ మాత్రమే. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి ధర, ఆపైన కోత, 12 దాటితే సర్కారు పత్తి సంస్థ సీసీఐ కొనదు. అదే పత్తిని గేటు బయట ప్రైవేటు వ్యాపారి తన ధరకు సంతోషంగా దింపుకుంటాడు. తడి తప్పు కాదు, ఎవరి గేటు ముందు తడిసిందన్నదే లెక్క. బైబిల్ సామెతల గ్రంథంలో దొంగ త్రాసు గురించి గట్టి హెచ్చరికే ఉంది గానీ, తేమ మీటరు ఊసు లేదు. ఆ లోటు తీర్చే పరిశోధన క్రైస్తవ కామర్స్ విద్యార్థులకే వదిలేద్దాం.

మూడో పాఠం కాగజ్‌నగర్‌లో. 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక తెరుచుకుంది. దీని మీద బ్యాలెన్స్ షీట్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ నాలుగేండ్లు కార్మికుల ఇండ్లలో పొయ్యి ఎట్లా వెలిగిందో కిరాణా కొట్టు ఉద్దెర ఖాతాలో చూడాలి. మా కోర్సులో ఆ ఖాతాయే టెక్స్ట్‌బుక్కు.

బయటిదేశం వాళ్లు ఇక్కడికొచ్చి చదువుతారా అని అనుమానం అక్కర్లేదు. జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం 1940లో నేలకొరిగాక, గోండుల గోస ఏమిటో తెలుసుకునేందుకు వియన్నా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ వచ్చాడు. జైనూరు దగ్గరి మార్లవాయిలో భార్య బెట్టీతో గుడిసెలో ఉన్నాడు. భూములు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి జారుతున్నాయో లెక్క తీశాడు, పట్టాలకు బాట వేశాడు, బడి పెట్టించాడు. 1987లో బెట్టీ కన్నుమూస్తే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. పాపం, ఆయనకు ఎవరూ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇయ్యలేదు.

సిలబస్ పట్టుకుని మా బజార్ల ఎరువుల దుకాణం నడిపే పెద్దమనిషి దగ్గరికి పోయాను. ఆయన కొడుకు బీబీఏ. వేసవి కోర్సుకని సింగపూర్ టికెట్టు బేరంలో ఉన్నాడు.

"అక్కడ ఏం నేర్పుతరు?" అన్నాను.

"వ్యాపారం ఎట్ల జేస్తరో చూపిస్తరట సార్."

"మీ గల్లాపెట్టె కాడ ఎప్పుడన్న కూసున్నడా?"

"లే సార్. ఆనికి చదువులుండె గద."

నా సిలబస్ మొత్తం ఓపిగ్గా విన్నాడు. "అంతా మంచిగనే ఉంది సార్. మరి ఫొటో దిగితే ఎనుక ఏముంటది?"

న్యాయమైన ప్రశ్నే. మా కోర్సు కరపత్రం అచ్చుకు పోకముందే ఒక వాక్యం చేర్పించాను: పేపర్ మిల్లు పొగగొట్టం ముందు సెల్ఫీ ఉచితం.