సూది ఉన్న సిరంజిని

నేను వాడేసిన సిరంజి బొమ్మను. ఆసుపత్రి నర్సులకు వ్యర్థాలు వేరుచేయడం నేర్పే ఆన్‌లైన్ పాఠంలో, తెర అడుగున నా చోటు. నా పైన నాలుగు రంగులు: పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. నన్ను పట్టి లాగి, సరైన రంగులో వదలాలి. నా బతుకంతా ఆ లాగడంలోనే ఉంది.

ఆ రంగులు 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఖాయం చేసినవి. రక్తం అంటిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపులోకి. సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు, యాంప్యూళ్లు నీలంలోకి. సూది ఎరుపు సంచిలో పడిందంటే, ఆ సంచి మోసే పారిశుద్ధ్య కార్మికురాలి చేతిలో దిగుతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి అలా కూడా సోకుతాయి. నన్ను ఎటు లాగారన్నది ఆమెకు సంబంధించిన విషయం.

మొదట నన్ను సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన రెడీమేడ్ మూసలో పెట్టారు. నాలుగు బొమ్మలు, నాలుగు డబ్బాలు, ఒక్కోదానికి ఒక్కోటి. మూడు సర్దేశాక నాలుగోదానికి ఆలోచనే అక్కర్లేదు, మిగిలిన చోట వదిలేస్తే చాలు. అలాంటి అభ్యాసం చేతికి పని చెబుతుంది, బుర్రకు చెప్పదు. పాఠం రూపొందించే అమ్మాయి దాన్ని పట్టుకుని ఒక ఆసుపత్రి వార్డుకు వెళ్లింది. సీనియర్ సిస్టర్ నన్ను చూసి, "దీన్ని మేం నేరుగా ఎందులోనూ వెయ్యమమ్మా. ముందు కట్టర్‌లో పెడతాం" అంది.

ఆ ఒక్క మాటతో నా రూపమే మారింది. నాలో రెండు జవాబులున్నాయి: సూది తెలుపుకి, ప్లాస్టిక్ ఒళ్లు ఎరుపుకి. ఒక వస్తువుకి ఒకటే సరైన చోటు అనుకునే మూసలో నేను ఇమడను. అందుకే నాకోసం ప్రత్యేకంగా కోడ్ రాశారు. ఇప్పుడు డబ్బాల పక్కన నీడిల్ కట్టర్ బొమ్మ ఉంది. నన్ను ముందు దానిమీదికి లాగితే సూది తెగి అందులోనే ఉండిపోతుంది, ఒళ్లు విడిగా మళ్లీ చేతికొస్తుంది. కట్టర్‌లో చేరిన సూదుల్ని తర్వాత తెల్ల డబ్బాకు చేర్చాలి. వార్డులో చేసే పని ఏ వరుసలో ఉందో, తెరమీద వేలు కదిలే వరుసా అదే.

సూదితో సహా ఎరుపులో వదిలితే టింగుమని మోగే గంట గానీ, పెద్ద ఇంటూ గుర్తు గానీ లేవు. "ఈ సంచి ఎత్తేవాళ్లకు సూది గుచ్చుకుంటుంది" అన్న ఒక్క వాక్యం కనిపిస్తుంది, నేను నెమ్మదిగా నా చోటికి జారిపోతాను. ఆ వాక్యం రాయడానికే ఆ అమ్మాయి ఎక్కువ కష్టపడింది. తప్పు అని చెప్పడం తేలిక. ఎవరికి నొప్పో చెప్పాలి.

నా పక్కన ఇన్సులిన్ సిరంజి ఉంటుంది. దాని సూది ఊడిరాదు, కాబట్టి మొత్తంగా తెలుపులోకే వెళ్లాలి. మా ఇద్దరినీ పక్కపక్కన పెట్టడం కావాలని చేసిన పనే. వేలు అక్కడ తటపటాయిస్తుంది. నేర్చుకోవడం జరిగేది ఆ తటపటాయింపులోనే అని నా నమ్మకం.

నర్సులు పాఠం చదివేది డ్యూటీ మధ్య విరామంలో, సెల్‌ఫోన్‌లో. బ్రౌజర్లలో లాగి వదిలే పద్ధతి 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో మౌస్ కోసం వచ్చింది. వేళ్ల సంగతి అప్పుడెవరూ ఆలోచించలేదు. అందుకని మౌస్‌నీ వేలినీ ఒకేలా చూసే పాయింటర్ ఈవెంట్స్‌తో నా కదలికను మళ్లీ రాశారు. వేలికింద నేను కనబడకుండా పోతానని, పట్టుకోగానే కాస్త పైకి లేచేలా చేశారు. డబ్బా బొమ్మకంటే వదిలే జాగా వెడల్పుగా ఉంచారు. రంగులు తేడాగా కనిపించనివాళ్ల కోసం ప్రతి డబ్బామీదా పేరు రాశారు.

లాగలేనివాళ్లూ ఉంటారు: చెయ్యి వణికేవాళ్లు, కీబోర్డుతోనే పనిచేసేవాళ్లు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే వెబ్ అందుబాటు ప్రమాణం, లాగి చేసే పని ఏదైనా లాగకుండా కూడా చేయగలిగేలా ఉండాలంటుంది. ఇప్పుడు నన్ను తాకి, తర్వాత డబ్బాను తాకినా చాలు, వెళ్లిపోతాను. ట్యాబ్, ఎంటర్ మీటలతోనూ నడుస్తాను. నన్ను మోయడం ముఖ్యం కాదు, ఎటు పంపాలో తేల్చుకోవడం ముఖ్యం.

చివరికి అందరూ సరిగ్గానే సర్దుతారు కాబట్టి చివరి మార్కులు పెద్దగా ఏమీ చెప్పవు. అందుకే నన్ను మొదటిసారి ఎక్కడ వదిలారో, ఆన్‌లైన్ పాఠాల ఫలితాలను చేరవేసే స్కార్మ్ పద్ధతి ద్వారా నమోదవుతుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు చూసేది ఆ నమోదే.

ఇప్పుడు కాన్సర్ వార్డు కోసం కొత్త అభ్యాసం తయారవుతోంది. అందులో అచ్చం ఒకేలా ఉన్న రెండు ఖాళీ గాజు సీసాలుంటాయి. ఒకదానిలో ఇంతకుముందు ఉన్నది మామూలు యాంటీబయోటిక్, ఆ సీసా నీలానికి వెళ్తుంది. రెండోదానిలో ఇంతకుముందు ఉన్నది కీమో మందు, ఆ సీసా పసుపుకి వెళ్లాలి. లేబులు చదవకుండా ఏ సీసా ఎటు పోవాలో తెలియదు. లేబులు కనబడాలంటే సీసాను ముందు తిప్పాలి. ఆ తిప్పే కదలికను ఇప్పుడు గీస్తున్నారు.