ముసలి సీస పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఆ.వె. దుమ్ము పట్టినట్టి తోరణగల్లులో
మూల బీరువాన ముసలి సీస
మూత తీసి చూడ ముక్కున బెల్లమే
యెన్ని యేండ్ల దనుచు నెవరి నడుగ?

అవతారిక: బళ్లారి–హొసపేట దారిలో, ఉక్కు ఫ్యాక్టరీ పక్కన కాపురముండే తెలుగు అల్లుడొకాయన మామగారి పాత బీరువా సర్దుతూ ఒక పోర్ట్ వైన్ సీసాను చూసి ఆశువుగా చెప్పిన పద్యమిది. మామగారు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కవి తన పేరు చెప్పుకోలేదు, ఇంట్లో తెలిస్తే బాగుండదని కాబోలు.

టీక

దుమ్ము పట్టినట్టి = ఈ విశేషణం ఊరికా, సీసాకా అని వ్యాఖ్యాతలు తగవులాడారు. సీసాకే అన్వయించి, దుమ్ముంది గనుక పాతదే అని తేల్చేవారు పోర్చుగల్ నేలమాళిగల గురించి చదివినవారే గాని తోరణగల్లు చూసినవారు కారు. ఖనిజం లారీలు తిరిగే ఈ రోడ్ల పక్కన, పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. కనుక దుమ్ము ఊరిదే. వయసుకు అది ప్రమాణం కాదు.

మూల బీరువాన = మూలనున్న బీరువాయందు. దీన్ని ‘బీరు’, ‘వాన’ అని విరిచినవారున్నారు. వారి దాహానికి నమస్కారం. అసలు చూడవలసింది బీరువా ఇనుపది కావడం. బళ్లారి ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున ఆ బీరువా లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ‘వేడి మంచిదే కదా, మదీరా వైన్ వేడికే పండుతుంది’ అని పూర్వపక్షం. నిజమే. కలెక్టర్ మన్రో బళ్లారితో కూడిన దత్తమండలాలను ఏలిన రోజుల్లో (1800–1807) కుంపిణీ దొరలు మక్కువగా తాగినది మదీరానే. ఓడ అడుగున పీపాల్లో ఉష్ణమండలం దాటి వస్తే దాని రుచి పెరిగేది. తరువాత ఆ పనినే మదీరా దీవిలో వెచ్చని అటకల మీద, లేదా 45–50 డిగ్రీల దగ్గర మూడు నెలలపాటు తొట్లలో కాచి చేశారు. అయితే అదంతా సీసాకెక్కక ముందు పీపాకో తొట్టికో జరిగే సంస్కారం. గోద్రెజ్ బీరువా పీపా కాదు.

ముసలి సీస = పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ముసలిది సీసాయా, అందులోని సారాయా? పోర్ట్ అంటే పోర్చుగల్‌లోని డౌరో లోయ సరుకు. ఆ లోయకు 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే 77 శాతం ద్రాక్ష సారాయి పోసి పులియడాన్ని ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, ఘాటు ఇరవై శాతం చుట్టూ నిలుస్తుంది. అందులో వింటేజ్ రకం రెండు మూడేళ్లకే సీసాకెక్కి, పడుకోబెట్టిన సీసాలోనే దశాబ్దాల పాటు పండుతుంది, అడుగున మడ్డి కడుతుంది. టానీ రకం ఇందుకు తలకిందులు: పీపాలోనే పండి, సీసాకెక్కిన నాటినుంచి పెద్దగా ఎదగదు. ఇక గోవా పోర్ట్ వేరే గోత్రం. తీపీ పేరూ పంచుకున్నది గాని పెంపకం పంచుకోలేదు. అది చౌకగా, అప్పటికప్పుడు తాగడానికి చేసినది.

మూత తీసి = ‘బిరడా’ అనక ‘మూత’ అన్నాడు కవి. ఈ ఒక్క మాటతో వింటేజ్ పోర్ట్ ఆశ పోయింది. తిప్పి తీసే రేకుమూత అది. మెడ దగ్గర రెండంగుళాలు ఖాళీ ఉన్నదని, మూత గాట్లలో చక్కెర గట్టిపడి పట్టకారు తేవలసి వచ్చిందని కవి స్నేహితుడు చెప్పాడు.

ముక్కున బెల్లమే = పాత తీపి వైన్‌కు బెల్లం, ఎండు ఖర్జూరం వాసన రావడం సహజమే, అయితే గాలి సోకి చెడినదానికీ తొలి వాసన ఇదే. తెల్ల పంచె కొంగు ముందు గ్లాసు పెట్టి చూస్తే అంచున ఇటుక రంగు. నాలుక మీద మొదట తీపి, వెంటనే సిరకా.

యెన్ని యేండ్లది = లేబుల్‌ను గద్దించి అడగాలి. అందులో ‘గోవా, డామన్ అండ్ డయ్యూ’ అని ఉన్నది. గోవా 1987 మే 30న రాష్ట్రమైంది; కనుక అంతకు ముందుది. అడ్రసులో పిన్‌కోడు ఉన్నది. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న; కనుక ఆ తరువాతది. మిగిలిన పాత లేబుళ్లు అంటించి ఉంటే ఒకటి రెండేళ్లు ఇటువైపు. వాస్కో నుంచి గుంతకల్లు దాకా మీటరుగేజి బండి నడిచిన కాలం అది. ఉక్కు ఫ్యాక్టరీ పని మొదలుపెట్టక ముందు, 1995లో అవతల ఆంధ్రలో మద్యనిషేధం పెట్టక ముందు అన్నమాట.

నెవరి నడుగ = క్రియ తెగిపోయింది. ఛందస్సు కోసమని ఒక మతం. అప్పటికే ఒక గుక్క పడిందని మా మతం. “ఏమప్పా, ఇది ఎన్నేండ్లదంటావు?” అని కవి అడిగితే పొరుగాయన “వాసన చూస్తే నీ పెండ్లి నాటిది” అన్నాడట. ముక్కును నమ్మితే వచ్చే జవాబు అంతే.

తాత్పర్యము: ఇనుప ధూళి కమ్మిన తోరణగల్లులో మూలనున్న బీరువాలో పాత సీసా దొరకగా, మూత తీస్తే బెల్లం వాసన వచ్చింది, దాని వయసెంతో ఎవరిని అడగాలో కవికి తెలియలేదు అని భావము.

తీర్పు: సీసాకు ముప్పై అయిదేళ్ల పైమాటే. లోపలిది చెడింది. మామగారు అడిగితే లేబుల్ చూపించండి, గ్లాసు ఇవ్వకండి. గోవా నుంచి ఎవరైనా పోర్ట్ తెస్తే ఆ ఏడే తాగేయండి.